మీ పేరున వేసిన ముద్ర

బిష్కెక్,
జూన్ మొదట్లో

అసన్‌కుల్ బైకెకి, మిమ్మల్ని అన్నగా తలిచే మీ బెర్మెత్ తల వంచుకుని రాస్తున్నది.

పైన కొండల్లో చలిగాలి ఎలా ఉంది, గుర్రాలు పాలిస్తున్నాయా, మీ నడుము నొప్పి తగ్గిందా అని వరుసగా అడిగి ఆ తరువాత అసలు సంగతికి రావడం మర్యాద. ఆ మర్యాద నాకూ తెలుసు. కానీ అవన్నీ అడుగుతూ కూర్చుంటే ఈ కాగితం నిండిపోతుంది, అసలు మాట వచ్చే ఉత్తరానికి వాయిదా వేస్తాను. నన్ను నేను ఎరుగుదును కదా. అందుకని అదే ముందు రాసేస్తున్నాను. తమ్గాలో మీ పేరున నేను ముద్ర వేశాను.

మీరు కళ్ళజోడు సరిచేసుకుని ఆ వాక్యం మళ్ళీ చదువుతారని తెలుసు. చదవండి. ప్రోగ్రాముల మీద వాటిని చేసినవాళ్ళ ముద్ర వేయడానికి పదకొండేళ్ళ కిందట మీరు తమ్గాను తయారుచేసి, ఎవరైనా వాడుకోండి, విప్పి చూసుకోండి, మార్చుకోండి అని లోకానికి ఊరికే ఇచ్చారు. అందులోకి ఒక చిన్న మార్పు వెళ్ళాలన్నా రెండు ముద్రలు పడాలి. రాసినవాళ్ళది ఒకటి, చదివి సరేనన్నవాళ్ళది ఒకటి. గుర్రాల తొడ మీద తమ్గా, అంటే వంశపు గుర్తు, కాల్చేటప్పుడు మీ నాన్నగారు పాటించిన పద్ధతి అదేనని మీరు కొత్తవాళ్ళందరికీ చెప్తారు. ఇనుము పట్టుకున్నవాడు గుర్రం తల పట్టుకోకూడదు. తల పట్టుకున్నవాడు పరీక్షగా చూసి మనదేనని చెప్పాకే ఇనుము తగలాలి. మొన్న ఇనుమూ నేనే పట్టుకున్నాను, తలా నేనే పట్టుకున్నాను.

ఏ మార్పు కోసమో మీరు ఊహించే ఉంటారు. మార్చిలో మీ వంటింట్లో గొంతులు బొంగురుపోయేలా పోట్లాడుకున్నాం కదా, దాని కోసమే. ముద్ర వేసే తాళంచెవిని ఒక కంపెనీ తన సొంత పద్ధతి పెట్టెలో, తనకే తెలిసిన తీరు ఫైలులో పెట్టి అమ్ముతుంది, దాన్ని వాళ్ళ పరికరం తప్ప మరొకటి తెరవలేదు. ఆ పరికరాన్ని బాగుచేయడం వాళ్ళు ఎప్పుడో మానేశారు, కొత్త కంప్యూటర్లలో అది లేవదు. తాళంచెవిని వేరే పెట్టెలోకి మార్చి ఇమ్మంటే జవాబుండదు. తమ్గా ఆ పెట్టెను తెరవగలగాలని నేను, తెరవకూడదని మీరు.

"వాళ్ళు గోడలు కడుతూ పోతే మనం నిచ్చెనలు వేస్తూ పోవాలా? నిచ్చెన దొరికాక గోడ సంగతి ఎవడడుగుతాడు?" అన్నారు మీరు.

గోడకవతల మనుషులున్నారు బైకె అన్నాను. మీరు నా పియాలాలో అంచుదాకా టీ పోశారు. సగం పోస్తే కూర్చోమని, నిండా పోస్తే లేచి వెళ్ళమని పాలబుగ్గల వయసులోనే నేర్చుకున్నదాన్ని కనక గబగబా తాగి లేచాను. నాలుక కాలింది. ఆ కోపం కూడా ఇందులో కొంత ఉంది, దాచను.

గోడకవతలి మనిషి పేరు ఆ రోజు చెప్పలేదు. ఓష్‌లో చూపులేని పిల్లల బడిలో టీచరు, అందరికీ అక్కలాంటి సాయ్‌కల్ ఎజె. ఆమెకీ చూపు లేదు. కిర్గిజ్ పాఠాలను పైకి చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి తనే తయారుచేసింది, దాని పేరు ‘ఉన్’, గొంతు. దేశంలో చూపులేని పిల్లలు చదువుకునే ప్రతి గదిలోనూ ఆ గొంతు వినపడుతుంది. ఇప్పుడు బళ్ళకి కొత్త కంప్యూటర్లు వచ్చాయి, పాత ఉన్ వాటిలో పలకదు. కొత్తది సిద్ధంగా ఉంది, ముద్ర లేనిదే బడి కంప్యూటర్లు దాన్ని గుమ్మంలోనే ఆపేస్తాయి. ముద్ర వేసే తాళంచెవి ఆ పాడు పెట్టెలో ఉంది. ఆమె నాకు ఫోన్ చేసి ఏడవలేదు, బతిమాలలేదు. "మీ దాంతో తెరుచుకుంటుందో లేదో చెప్పమ్మా, లేకపోతే ఇంకో దారి చూసుకుంటా," అంది, అంతే. పెట్టెను పంపింది. పాస్‌వర్డ్ మాత్రం తన దగ్గరే ఉంచుకుంటానంది. "అది లేకుండా నీకైనా తెరుచుకోదుగా, నాకు భయం లేదు," అంది.

ఇక్కడ ఒక తమాషా. మీకు కోపంలో కూడా నవ్వొస్తుంది. అది పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంది. ఏప్రిల్ మొదట్లోనే సంగతి పట్టాను. తప్పు పాస్‌వర్డ్ ఇస్తే పరికరం కసురుతుంది గానీ, ఆ కసురు అంతా పైపైనే. లోపల అందరి పెట్టెలకీ ఒకటే గడియ, దాన్ని వేలితో తోస్తే చాలు. పట్టలేని సంతోషంతో గదిలో గెంతాను. ఆ ఊపులోనే మిగిలిన పని అంతా రాసేశాను.

మే చివర్లో మీరు మీ తమ్ముడి గుర్రాలతో సూసమిర్ కొండల్లోకి మేతకి వెళ్ళారు, ఫోన్ ఇంట్లో వదిలేసి. వెళ్తూ మీ ముద్ర ఉన్న ఆ చిన్న బిళ్ళను, స్నానాల గదికి కూడా మెడలో వేసుకుని వెళ్ళే దాన్ని, నా చేతిలో పెట్టారు. ఏదైనా ప్రమాదం వస్తే వాడు అన్నారు. ప్రమాదం రాలేదు. ఎజె బడి మళ్ళీ తెరిచే నెల దగ్గరపడుతోందన్న కబురు మాత్రమే వచ్చింది. వాడాను. ముద్ర నిజమా అబద్ధమా అని లోకానికి చూపించే పరికరంలోకే దొంగముద్రతో దూరాను. కొత్త ఉన్ బళ్ళకి వెళ్ళింది, పలుకుతోంది, ఎజె సంతోషంగా ఉంది. నేను మాత్రం అద్దంలో చూసుకోలేకపోతున్నాను. తిట్టాలనుకుంటే జిర్గల్ చేతికి ఉత్తరం ఇచ్చి పంపండి. గుర్రప్పాల డబ్బాలు దింపడానికి వారంవారం వస్తూనే ఉంటాడుగా.

సిగ్గుతో,
బెర్మెత్

*

బిష్కెక్,
జూన్ చివర

బైకె,

మీ జవాబు ఇంకా రాలేదు. జిర్గల్‌ని అడిగితే, "చదివి జేబులో పెట్టుకున్నాడు, ఒక్క ముక్క మాట్లాడలేదు, నాకు మాత్రం తినడానికి కురుత్ ఉండలు ఇచ్చాడు," అన్నాడు. మీరు మాట్లాడకపోవడం తిట్టడం కన్నా కష్టం. కానీ ఆ బాధ గురించి చెప్పే అర్హత కూడా నాకు పోయింది. మొదటి ఉత్తరంలో రాసింది నా తప్పులో చిన్న ముక్కని ఇప్పుడు తెలిసింది.

తమ్గాలో కొత్త పని ఏది చేర్చినా, అది సరిగ్గా జరుగుతోందో లేదో చూసుకోడానికి పక్కన ఒక నమూనా పెడతాం కదా. ఈసారి ఎవరి తాళంచెవీ లేని ఉత్తుత్తి పెట్టె ఒకటి తయారుచేశాను. దాన్నే పెట్టాలి. నా కంప్యూటర్‌లో ఆ పెట్టె, ఎజె పెట్టె ఒకేచోట ఉన్నాయి. రెండింటికీ నమూనా అనే పేరే పెట్టాను, ఒకదానికి చివర అంకె తేడా. ఎజె దాన్నే పెట్టాను, బైకె. ఆమె తాళంచెవి నడివీధిలో పెట్టి, పక్కనే అది ఎలా తెరుచుకుంటుందో వివరంగా రాసి, ఆ రెండింటి మీదా మీ పేరూ నా పేరూ వేసి ప్రపంచానికి పంచిపెట్టాను.

ఎవరు మార్పు పంపినా మీరు మొదట అడిగే మాట ఒకటుంది. ఈ నమూనా ఎక్కడిది? కోడ్ చదవకముందే అది అడుగుతారు. మేమంతా చాటున నవ్వుకుంటాం, ముసలాయన గుర్రాల సంతలో బేరమాడుతున్నాడని. ఆ ఒక్క మాట అడిగే మనిషి లేకుండా నేనే చేశాను. మీ బదులు నేను సరే అనడానికి ఎంతసేపు పట్టిందో చెప్పనా, మీట నొక్కినంతసేపు.

తెలిసిన వెంటనే తీసేశాను. తీసేసి ఏం లాభం? తమ్గాలో పాతదేదీ చెరిగిపోదు, ప్రతి అడుగూ నిలిచి ఉంటుంది, అదే మన గొప్పని మీరే అందరికీ చెప్తారు. అప్పటికే ఎందరి దగ్గరికో నకళ్ళు వెళ్ళిపోయాయి. నాకైనా ఎలా తెలిసిందంటే, ఎవరో రాశారు. పేరు లేదు, ఊరు లేదు. ఇది నమూనాయేనా, లేక ఎవరిదైనా నిజమైన తాళంచెవా అని మర్యాదగానే అడిగారు. నిజమైనదైతే మీరే బయటపెట్టండి, కొన్నాళ్ళు ఆగుతాను, ఆ తరువాత నేను చెప్పక తప్పదు అన్నారు.

ఇంకా జవాబివ్వలేదు. నమూనాయే, కంగారుపడకండి అని రాసి, పంపకుండా దాచి, రోజూ తెరిచి చూసుకుంటున్నాను. ఎందుకో మీకు తెలుసు. నిజం చెప్తే ఆ తాళంచెవిని రద్దు చేయించాలి. రద్దు చేయిస్తే దాంతో ఇదివరకు వేసిన ముద్రలన్నీ చెల్లవు, ఎందుకంటే ఆ కంపెనీ పరికరం ముద్ర మీద తేదీ వేసేది కాదు. ఏది దొంగతనానికి ముందుదో ఏది తరువాతదో ఎవరూ చెప్పలేరు. మన తమ్గా వేసిన కొత్త ముద్ర మీద తేదీ ఉంది గానీ, దాన్ని వేసిన రోజుకే తాళంచెవి వీధిలో పడింది. అంటే పాత ఉన్, కొత్త ఉన్ రెండూ నోరు మూసుకుంటాయి. సెలవులకి ఇళ్ళకి వెళ్ళిన పిల్లలు కంప్యూటర్ తెరిస్తే ఏమీ వినపడదు. కొత్త తాళంచెవి కొని, వాళ్ళు విచారించి ఇచ్చేసరికి శరత్కాలం వస్తుంది. చెప్పకపోతే, ఎవడో ఒకడు సాయ్‌కల్ ఎజె పేరుతో, ఆమె ముద్రతో, ఏ దొంగ ప్రోగ్రామో తెచ్చి ఆ పిల్లల కంప్యూటర్లలోనే దూరుస్తాడు. ఆమె ముద్ర ఉంది కనక అవి తలుపు తీస్తాయి.

ఇందులో ఏదీ ఎజెకి తెలియదు. మొన్న కూడా ఫోన్ చేసింది. "నీ చేతికి పని చెప్పాక నాకు నిద్ర బాగా పడుతోంది," అంది. ఆ రాత్రి అమ్మ లగ్మాన్ చేసి ముందు పెడితే నూడుల్స్ లెక్కపెడుతున్నట్టు కూర్చున్నానని తిట్టింది.

ఏం చేయమంటారో చెప్పండి. దాచమంటే దాస్తాను, చెప్పమంటే చెప్తాను. మీ మాట ప్రకారమే నడుచుకుంటాను, ఈసారైనా.

బెర్మెత్

*

సూసమిర్,
జూలై

బెర్మెత్,

గాలి చల్లగా ఉంది. గుర్రాలు పాలిస్తున్నాయి. నడుము నా వయసుకి తగ్గట్టుంది. నువ్వడగకుండా వదిలేసిన మర్యాదలన్నీ పూర్తి చేశాను, ఇంక అసలు సంగతి.

నీ మొదటి ఉత్తరానికి జవాబు రాయనిది కోపంతో కాదు. రాయడానికి మొహం చెల్లక. సాయ్‌కల్ నీకంటే ముందు నాకు రాసింది, ఫిబ్రవరిలో. చక్కటి ఉత్తరం. తన పని ఏమిటో, పెట్టె సంగతేమిటో, ఎప్పటికి కావాలో, అన్నీ పద్ధతిగా ఉన్నాయి. తమ్గా మూత పెట్టెలను తెరవదు, క్షమించాలి అని మూడు ముక్కల్లో జవాబిచ్చాను. ఇచ్చి, మా మనవరాలికి పాఠం చదివి వినిపించబోయాను. రెండో పేజీ దాటలేకపోయాను. పుస్తకం మూసేసి దొడ్లోకి వెళ్ళి కట్టెలు కొట్టాను. అవసరం లేని కట్టెలు.

తరువాత నువ్వు మార్చిలో వచ్చి గోడకవతల మనుషులున్నారు అన్నావు. పేరు చెప్పకపోయినా ఎవరి గురించో నాకు తెలిసింది. అందుకే పియాలా నిండా పోశాను. ఇంకాసేపు కూర్చునుంటే నువ్వు గెలిచేదానివి.

నా ఇబ్బంది నీకు అర్థం కావాలి. మూత పెట్టెలు తెరవం అని తమ్గా మొదటి పేజీలో రాసింది నేను. ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చింది నేను. ఆ మాట నిలవాలి, సాయ్‌కల్ పనీ జరగాలి. రెండూ జరగాలంటే ఒకటే దారి, ఆ పని నాకు తెలియకుండా జరగడం. పదకొండేళ్ళు ఎవరికీ ముట్టనివ్వని బిళ్ళను నీ చేతిలో ఎందుకు పెట్టాననుకున్నావు? ప్రమాదం వస్తే వాడమన్నాను, ఎండాకాలంలో తమ్గాకి వచ్చే ప్రమాదమేమిటి, వరదా? నువ్వేం చేస్తావో తెలిసే పెట్టాను. ఫోన్ మరిచిపోలేదు, సొరుగులో పెట్టి తాళం వేశాను. మా తమ్ముడు దోలోత్ ఏళ్ళ తరబడి పిలుస్తున్నా మేతకి రానివాడిని ఈ ఏడు వచ్చానంటే గుర్రప్పాల మీద మోజుతో అనుకున్నావా? నీ చేత చేయించి, వచ్చాక అరిచి, ఇంక అయిపోయింది కదా అని ఊరుకుందామనుకున్నాను. అరవాల్సిన మాటలు కూడా దారిలోనే సిద్ధం చేసుకున్నాను. మంచి మాటలు, నీకు ఏడుపొచ్చేవి.

కాబట్టి నీది దొంగముద్ర కాదు. నేను వేయించిన ముద్ర. మా నాన్న పద్ధతి అందరికీ చెప్పేవాణ్ణి, గుర్రం తల వదిలేసి గుడారం వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. ఈ నమూనా ఎక్కడిది అని అడిగే మనిషి లేడని రాశావు. లేకుండా చేసింది నేను.

అలాగని నీ తప్పు నా లెక్కలో వేసుకుంటానని ఆశపడకు. చదవకుండా వేశావు, అది నీది. మొదటి ఉత్తరంలో ఒక తమాషా అని రాశావు చూడు, పాస్‌వర్డ్ లేకుండానే పెట్టె తెరుచుకుందని. ఆ పేరా నాకు నవ్వు తెప్పించలేదు. నువ్వు మళ్ళీ చదువుకో. అందులో ఏం తప్పిపోయిందో నేను చెప్పను.

ఇంక నీ ప్రశ్న. దాచమంటే దాస్తానన్నావు. ఆ వాక్యం చదివి, నా దగ్గర నువ్వు నేర్చుకున్నది ఇదా అనుకున్నాను, తరువాత అవును ఇదే కదా అనుకున్నాను. చేతులు శుభ్రంగా ఉంచుకుని పని ఇంకొకరి మీద తోయడం. ఈ ఉత్తరం అందిన రోజే ఆ పేరులేని మనిషికి అవును, నిజమైన తాళంచెవే అని రాయి. అందరికీ చెప్పే ప్రకటనలో ఇద్దరి పేర్లూ పెట్టు, నాది ముందు. ప్రకటన కంటే ముందు ఓష్ వెళ్ళు. ఫోన్ కాదు, ఉత్తరం కాదు, మనిషివి వెళ్ళు.

వెళ్ళేటప్పుడు మా లోయ మలుపు దగ్గర కారు ఆపించకు. ఆపితే ఇద్దరం కూర్చుని ఒకరినొకరం ఓదార్చుకుంటాం, అది ఇప్పుడు మనకి అక్కర్లేదు.

అసన్‌కుల్

*

ఓష్,
ఆగస్టు చివర

అసన్‌కుల్ బైకెకి,

మలుపు దగ్గర కారు ఆపించలేదు. డ్రైవరే ఆపాడు, కుమిస్, ఆ పులిసిన గుర్రప్పాలు తాగడానికి. అందరూ దిగారు, నేను దిగలేదు. కొండ వాలులో పొగ కనపడింది, మీ గుడారమే అయ్యుంటుందనుకుని అటు వీపు పెట్టి కూర్చున్నాను.

మీరు మళ్ళీ చదువుకోమన్న పేరా దారంతా నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను. చదువుకోకుండానే అర్థమైంది గానీ, ఒప్పుకోవడానికి ఓష్ దాకా రావలసి వచ్చింది. అది కూడా నేను ఒప్పుకోలేదు, ఎజె ఒప్పించింది.

బడి వెనక చిన్న ఇల్లు, వాకిట్లో నేరేడుపండు రంగు పూలు. రొట్టె, తేనె పెట్టింది. పియాలా అంచు మీద చూపుడువేలు ఆనించి, సగం దాకా టీ పోసి నా చేతికిచ్చింది. నేను అన్నీ చెప్పాను, ఏదీ మెత్తబరచలేదు. నా పేరూ మీ పేరూ, నమూనా, పేరులేని మనిషి, రద్దు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు. చెప్పడం అయ్యాక రొట్టెముక్కలను చేత్తో వెతికి ఒకచోటికి చేర్చి అడిగింది.

"పాస్‌వర్డ్ లేకుండానే తెరుచుకుంటుందని నీకెప్పుడు తెలిసింది?"

"ఏప్రిల్లో, ఎజె."

"ఇప్పుడు జూలై."

నేను వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టాను.

"పొరపాటున పెట్టె పారేసుకున్నావు, సరే, అది ఎవరికైనా అవుతుంది. నేను తాళం ఉందనుకుని పడుకున్న ఇంటికి తాళమే లేదని నీకు తెలుసు. తెలిసీ నాతో రోజూ ఫోన్లో కబుర్లు చెప్పావు. ఆ రోజే చెప్పుంటే కొత్త తాళంచెవి ఈపాటికి నా చేతిలో ఉండేది."

చెప్పి, నా పియాలా అడిగి తీసుకుంది. అంచు మీద వేలు పెట్టి పోసింది. వేలికి టీ తగిలేదాకా పోసింది. ఆమె చెయ్యి ఎప్పుడూ తడబడదు, బైకె. నిండు పియాలా రెండు చేతులతో పట్టుకుని నా ముందు పెట్టింది.

తాగాను. మీ ఇంట్లో నాలుక కాలినప్పుడు మీ మీద కోపం వచ్చింది. ఇక్కడ చల్లారాకే తాగాను, చివరి చుక్కదాకా. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటుంటే వెనకనుంచి అంది, రద్దు ఈ రోజే చేయించమని. పిల్లలకి తను చెప్పుకుంటానని, నా పేరు మాత్రం చెప్పనని, చెప్పాలనిపిస్తే నన్నే వచ్చి చెప్పుకోమని.

రద్దయింది. ప్రకటన పెట్టాను, మీ పేరు ముందు, నాది తరువాత. తిట్టినవాళ్ళు తిట్టారు. తమ్గాను ఇంక నమ్మలేమని కొందరు వెళ్ళిపోయారు, వాళ్ళని తప్పుపట్టలేను. ఆ పేరులేని మనిషి మాత్రం ధన్యవాదాలు అని రాశారు.

బిష్కెక్ వెళ్ళిపోదామనే బస్టాండుకి వెళ్ళాను. టికెట్ కూడా తీసుకున్నాను. ఆ సాయంత్రం నుంచి ఎక్కడెక్కడో ఇళ్ళల్లో పిల్లలు కంప్యూటర్ ముందు కూర్చుని చెవులు రిక్కిస్తారు, ఏమీ వినపడదు. ఆ గొంతు మూయించింది నేను. నాకూ ఒక గొంతుంది కదా అనిపించింది. వెనక్కి వచ్చి బడిలో పెద్దపంతులుగారిని అడిగాను, పిల్లల ఫోన్ నంబర్లు ఇస్తే కొత్త తాళంచెవి వచ్చేదాకా పాఠాలు నేను చదివి వినిపిస్తానని. ఎజెని అడగమన్నారు. ఎజె అవుననలేదు, కాదనలేదు. నంబర్లు మాత్రం మర్నాడు వచ్చాయి.

మొదటి రోజు పిల్లలందరికీ ఎందుకు ఉన్ పలకడం లేదో చెప్పాను, నా పేరుతో సహా. ఒకమ్మాయి అడిగింది, "అయితే మీరు దొంగా?" దొంగకి తలుపు తీసినదాన్ని అన్నాను. "సరే, భూగోళం చదవండి," అంది. అప్పటినుంచి చదువుతూనే ఉన్నాను. మొదటి వారం ఎజె పక్కగదిలో కూర్చుని వినేది. మెచ్చుకుంటుందనుకోకండి. "ఉన్ కూడా ఇంత గబగబా చదవదు," అంది ఒకరోజు. ఇంకోరోజు, "మీ బిష్కెక్ వాళ్ళు మాటలు నమలకుండా మింగుతారేం," అంది. నేను ఓష్ వాళ్ళలా సాగదీసి చదివితే పిల్లలు పడీపడీ నవ్వారు. పక్కగదిలోంచి కూడా చిన్న శబ్దం వచ్చింది. నవ్వో దగ్గో తెలియలేదు.

ఇంక పని సంగతి. జిర్గల్ బంధువు ఒకాయన ఇటునుంచి బిష్కెక్ వెళ్తూ మీ మలుపు దగ్గర ఆగుతానన్నాడు. అతని చేతికి ఒక సంచి ఇచ్చాను. అందులో మీ బిళ్ళ ఉంది, మెడలో వేసుకోండి, ఇంకెవరికీ ఇవ్వకండి, నాకు అసలే వద్దు. దాంతో పాటు తమ్గాలో చేయాలనుకుంటున్న కొత్త మార్పు మొత్తం కాగితాల మీద అచ్చువేసి పెట్టాను. ఆ మూత పెట్టెను తెరిచే పని తీసేయలేదు, బైకె. తీసేస్తే తాళం ఉందనుకుని పడుకునేవాళ్ళు అలాగే పడుకుంటారు. కానీ ఇకమీదట ఆ పెట్టెలోని తాళంచెవితో తమ్గా ముద్ర వేయదు. పెట్టెను తెరిచి, దీనికి గడియ లేదు, ఈ తాళంచెవిని రద్దు చేయించుకోండి, కొత్తది తీసుకోండి అని చెప్పి, కొత్తదాన్ని ఎవరైనా చదవగలిగే పెట్టెలో ఎలా దాచుకోవాలో చూపిస్తుంది. నిచ్చెన వేస్తాం, గోడకివతలికి దిగడానికి మాత్రమే. ఇది మీకు నచ్చుతుందో లేదో తెలియదు. నచ్చకపోతే కాగితాలు అలాగే తిప్పి పంపండి, అది బయటికి వెళ్ళదు. నచ్చితే చివరి పేజీ కింద పెన్సిలుతో మీ వంశపు తమ్గా గీయండి. దిగివచ్చాక బిళ్ళతో వేద్దురుగాని. తొందర లేదు.

మీరు మొదట అడగబోయే దానికి ముందే జవాబు చెప్తున్నాను. నమూనా ఈ ఊళ్ళో కూర్చుని నా చేతులతో కొత్తగా తయారుచేసింది, అందులో ఎవరి తాళంచెవీ లేదు. నా మాట నమ్మకండి, చూడండి.

సాయ్‌కల్ ఎజెకి కొత్త తాళంచెవి అక్టోబరులో వస్తుందట. అప్పటిదాకా ఇక్కడే ఉంటాను. ఇన్నాళ్ళూ పాఠం అయ్యాక ఆమె నాకు టీ ఇవ్వలేదు, నేనే బడి వంటగదిలో తాగేదాన్ని. నిన్న చదవడం ముగించి లేస్తుంటే కూర్చోమంది. పియాలా అంచు మీద వేలు పెట్టుకుని పోసింది. నేను తలుపు వైపు చూడకుండా ఆ వేలినే చూస్తూ కూర్చున్నాను. టీ వేలిదాకా రాలేదు, బైకె. సగంలో ఆపింది.

బెర్మెత్